సోనా సీమలో కొర్ర బువ్వ

సన్నబియ్యానికి పేరుమోసిన ఊరు నంద్యాల. కొర్ర వంగడాలకు పుట్టిల్లూ అదే. ఒకప్పుడు కొర్రలు వదిలి బియ్యానికి మళ్లిన ఆ సీమ, ఇప్పుడు బరువు తగ్గాలనీ షుగరు అదుపులో ఉండాలనీ మళ్లీ కొర్రల వైపు చూస్తోంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం దాకా సాగే దారిలో ఆ కథంతా కనిపిస్తుంది. ఇంతకీ గింజ మారిస్తే సరిపోతుందా... పళ్లెమే మారాలా?

తెల్లవారితే చాలు, నంద్యాల టిఫిన్ బండ్ల దగ్గర ఉగ్గాని ఘుమఘుమలు మొదలవుతాయి. నానబెట్టి పిండిన బొరుగులకు ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి తాలింపు వేసి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తే... ఆ రుచే వేరు! అదే వీధిలో నాలుగు అడుగులు వేస్తే రాగిజావ, కొర్ర అంబలి అమ్మే బండి. ఉదయం నడక ముగించుకుని వచ్చేవాళ్లు కాసేపు అటూ ఇటూ చూస్తారు. కొందరు అంబలి వైపు వెళ్తారు. కొందరు అంబలి తాగేసి మరీ ఉగ్గాని బండి దగ్గరికి వస్తారు!

కిరాణా కొట్లలోనూ ఇదే వరస. సోనా బియ్యం బస్తాల పక్కనే కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెల ప్యాకెట్లు. ‘అన్నా, షుగరుకు ఏవి మంచివి? కొర్రలా, అరికెలా?’ ‘అరికెలు బాగా పోతాండాయక్కా... రెండూ తీసకపో.’ ఒకప్పుడు ఏ బియ్యం పొడిపొడిగా ఉడుకుతాయని అడిగేవారు. ఇప్పుడు ఏ గింజ ఏ జబ్బుకని అడుగుతున్నారు. కొట్టు యజమాని సగం వైద్యుడైపోయాడు.

ఇందులో చిత్రమేమిటంటే, ఈ సీమకు కొర్రలు కొత్తవి కావు. కొత్తగా వచ్చింది బియ్యమే.

నీళ్లొద్దన్న నేల

కుందూ నదికి అటూ ఇటూ పరుచుకున్న నల్లరేగడి ఇది. రేనాడు అన్నది పాత పేరు. ఒక్క మంచి వాన పడితే ఆ తేమను నెలల తరబడి కడుపులో దాచుకుంటుంది. జొన్న, కొర్ర, పత్తి, శనగ... వీటికి కాలువ నీళ్లతో పనిలేదు.

1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ కర్నూలు నుంచి కడప వైపు కాలువ తవ్వించింది. అదే కేసీ కెనాల్. రైతులు ఎగబడి నీళ్లు కొంటారన్నది కంపెనీ ఆశ. నల్లరేగడి రైతు మాత్రం ‘మా జొన్నచేలకు మీ నీళ్లెందుకు’ అన్నట్టు ఉండిపోయాడు. రాబడి లేక కంపెనీ చతికిలపడింది. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనేసింది.

ఆ తర్వాత దశాబ్దాల్లో కథ మారింది. కాలువ కింద మెల్లగా వరి మడులు వెలిశాయి. శ్రీశైలం కుడి కాలువ, తెలుగుగంగ వచ్చాక ఆయకట్టు ఇంకా పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. కాలువ లేని మెట్ట పల్లెల్లోనూ మూడుపూటలా వరి అన్నం పొయ్యెక్కింది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం విడుదల చేసిన బీపీటీ 5204... అదే సాంబ మసూరి... ఈ నేలలో నిలదొక్కుకుని నంద్యాల సోనా, కర్నూలు సోనా పేర్లతో ఊళ్లేలింది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై... ఎక్కడి తెలుగు ఇంట్లో చూసినా ఆ సన్నన్నమే.

వరి అన్నాన్ని మోజు అని కొట్టిపారేయడం తేలిక. కానీ కొర్రలు దంచిన చేతులను అడిగితే వేరే సంగతి తెలుస్తుంది. తెల్లవారుజామునే లేచి రోట్లో పోసి దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. జొన్నలైతే తిరగలి ముందు కూర్చోవాలి. ఆ తర్వాత వేడినీళ్లతో పిండి కలిపి ఒక్కో రొట్టె చేత్తో తట్టాలి. ఇదంతా అయ్యాక పొలం పని! బస్తాలోంచి తీసి కడిగి ఎసట్లో పోస్తే ఉడికిపోయే బియ్యం ఆ ఆడవాళ్లకు ఒక పెద్ద విడుదల. పండగకో, పెళ్లికో తప్ప వరి అన్నం ఎరగని ఇళ్లకు అది గౌరవం కూడా.

పని తగ్గింది... అన్నం తగ్గలేదు

చిక్కు ఎక్కడొచ్చిందంటే, బియ్యం వచ్చిన కాలంలోనే ఒంటికి పని పోయింది. నాగలి స్థానంలో ట్రాక్టరు, కొడవలి స్థానంలో కోత మిషను, రోకలి స్థానంలో మిల్లు, కాలినడక స్థానంలో మోటారుసైకిలు. పొద్దంతా చెమటోడ్చినవాడు తిన్న అన్నపు కుప్పనే, దుకాణంలో కుర్చీలో కూర్చున్నవాడూ తింటున్నాడు. కుప్ప అంతే ఉంది. పక్కన ఉండాల్సిన పప్పు, ఆకుకూర, బుడ్డల పచ్చడి మాత్రం పలుచబడ్డాయి.

ఫలితం నడుము దగ్గర తేలుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతుకు పైగా మహిళలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం, దేశంలో పెద్దవాళ్లలో నూటికి 11 మందికి పైగా మధుమేహులని లెక్కతేల్చింది. బీపీ ఉన్నవారు నూటికి 35 మంది పైనే.

పరిశోధన కేంద్రంలో ‘సూర్యనంది’

సన్నబియ్యం ఇంత రాజ్యమేలుతున్నా, కొర్రను వదలని చోటు నంద్యాలలో ఒకటుంది. అదే 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం. ఇప్పుడు ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ పరిశోధన స్థానంగా పనిచేస్తోంది. పత్తి, జొన్న, శనగ, పొద్దుతిరుగుడుతో పాటు కొర్ర మీద ఇక్కడ ఏళ్ల తరబడి పని జరిగింది.

ఇక్కడ పుట్టిన కొర్ర రకాల పేర్లు వింటే ముచ్చటేస్తుంది. కృష్ణదేవరాయ, నరసింహరాయ, శ్రీలక్ష్మి... ఎస్‌ఐఏ 3088 అనే రకానికి ‘సూర్యనంది’ అని పేరు పెట్టారు. నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల్లో సూర్యనంది ఒకటి మరి! ఆ తర్వాత వచ్చిన ఎస్‌ఐఏ 3223 పేరు ‘రేనాడు’. తెల్లజొన్నల్లో ‘నంద్యాల తెల్ల జొన్న’ వరస, శనగల్లో ‘నంద్యాల శనగ-1’, మిషనుతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ‘ధీర’ కూడా ఇక్కడివే.

ఎవరూ అడగని రోజుల్లో కాపాడుకున్న గింజ అది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేసరికి అందరి చూపూ దానిపై పడింది.

డైట్ల తిరునాళ్ల

కొర్ర ఒక్కసారిగా తిరిగి రాలేదు. దానికి ముందు తెలుగు ఇళ్లలో డైట్ల తిరునాళ్లే జరిగింది. 2000ల్లో మంతెన సత్యనారాయణరాజు చెప్పిన ఉప్పు, నూనె లేని వంటలు, పచ్చికూరల రసాలు ఇంటింటికీ చేరాయి. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పద్ధతి ఊపేసింది. అన్నం, రొట్టె పూర్తిగా బంద్. కొబ్బరినూనె, నిమ్మరసం, మాంసం, గుడ్లే ఆహారం. ఇంచుమించు అదే సమయంలో ఖాదర్ వలీ చెప్పిన సిరిధాన్యాలు వచ్చాయి. ఆయనది ఆళ్లగడ్డకు దక్షిణాన, పొరుగు కడప జిల్లాలోని ప్రొద్దుటూరు. మైసూరులో ఉంటూ అయిదు చిరుధాన్యాలను ప్రచారం చేసిన ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా మన దేశంలోకి వచ్చేశాయి.

ఒకరు నూనె వద్దంటారు, ఇంకొకరు నూనే తాగమంటారు. ఒకరు పండ్లు తినమంటారు, మరొకరి జాబితాలో మహానంది అరటిపండు నేరస్థుడు! చుట్టూ అరటి తోటలున్న మహానందికి వెళ్లి, స్వామికి నివేదించిన పండు తినాలా వద్దా అని తటపటాయించే పరిస్థితి.

మరి ఇన్ని దారుల్లోనూ కొందరు బరువు ఎలా తగ్గుతున్నారు? కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఏ డైటైనా మొదట చేసే పని మైసూరుపాకు, బజ్జీ, కూల్‌డ్రింకు, రెండోసారి వడ్డించుకునే అన్నం మాన్పించడం. మొత్తం మీద తినేది తగ్గుతుంది కాబట్టి బరువూ తగ్గుతుంది. పిండిపదార్థాలు బాగా తగ్గించినప్పుడు మొదటి వారంలో పోయే కిలోల్లో చాలా భాగం నీరే. అది చూసి సంబరపడితే, మామూలు తిండికి రాగానే ఆ నీరు తిరిగొచ్చేస్తుంది.

గింజ లెక్క ఇదీ!

కొర్రలు మంచివే. ఎంత మంచివి? జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల కొర్రల్లో 331 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, 8 గ్రాముల పీచు ఉంటాయి. అదే మరపట్టిన బియ్యంలో 345 కేలరీలు, 7 గ్రాముల లోపు మాంసకృత్తులు, 0.2 గ్రాముల పీచు. పీచులో కొర్రకు పోటీ లేదు. మాంసకృత్తుల్లోనూ అంతే. కానీ కేలరీల్లో తేడా ఎంత? పద్నాలుగు! ఒక చెంచా చక్కెరలో ఉన్నంత కూడా కాదు. రెండు గరిటెల అన్నం బదులు నాలుగు గరిటెల కొర్రన్నం తిని ‘డైట్ చేస్తున్నా’ అంటే త్రాసు నవ్వుతుంది.

మేలు లేకపోలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 2021లో శాస్త్రవేత్తలు 11 దేశాల్లో జరిగిన 80 అధ్యయనాలను కలిపి చూశారు. చిరుధాన్యాలు క్రమంగా తిన్నవారిలో పరగడుపు చక్కెర సగటున 12 శాతం, తిన్న తర్వాత చక్కెర 15 శాతం తగ్గాయని తేల్చారు. పీచు వల్ల గింజ నెమ్మదిగా అరుగుతుంది, తొందరగా కడుపు నిండుతుంది. అయితే మిల్లులో పాలిష్ ఎక్కువైతే తవుడుతో పాటే ఆ పీచూ పోతుంది. మెత్తటి పిండి చేసి జావ కాస్తే అరుగుదల వేగం పెరుగుతుంది. కొర్ర బిస్కెట్టు, కొర్ర లడ్డు అయితే చెప్పేదేముంది... అందులో చక్కెర చక్కెరే, నెయ్యి నెయ్యే.

బియ్యమంతా ఒకటే కాదన్న సంగతీ ఉంది. సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే శక్తినిచ్చి 2008లో విడుదల చేసిన మెరుగుపరిచిన సాంబ మసూరి గ్లైసీమిక్ ఇండెక్స్ దాదాపు 51. అంటే తక్కువ కోవలోకే వస్తుంది. అలాగని కుండెడు తినమని కాదు.

అసలు మాట 2025లో వచ్చిన మరో ఐసీఎంఆర్-ఇండియాబ్ నివేదిక చెప్పింది. మన దేశంలో తినే కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాలవే. వరి, మైదా బదులు గోధుమ పిండో చిరుధాన్యమో పెట్టి, మొత్తం పిండిపదార్థాలు తగ్గించకపోతే మధుమేహం ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. అందులో కొంత భాగాన్ని పప్పులు, పాలు, పెరుగు వంటి వాటితో భర్తీ చేసినప్పుడే ముప్పు తగ్గింది. గింజ మార్చడం సగం పనే. కుప్ప తగ్గించి, పక్కన పప్పూ కూరా పెంచడం మిగతా సగం.

మాత్ర మానేస్తే...

డైట్ల సందడిలో అన్నిటికన్నా భయపెట్టేది మరొకటి. ‘ఈ గింజ తింటే మాత్రలక్కర్లేదు’ అన్న మాట. నాలుగు రోజులు షుగరు తగ్గగానే మందులు అటక మీదికి వెళ్తాయి. పిల్లల్లో, యువకుల్లో ఎక్కువగా వచ్చే టైప్-1 మధుమేహానికి ఇన్సులిన్ తప్ప వేరే దారి లేదు. ఒకటి రెండు రోజులు ఆపినా ప్రాణం మీదికి వస్తుంది.

టైప్-2లో తిండి తగ్గించడమే మందుగా పనిచేసిన మాట నిజమే. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించిన బృందంలో దాదాపు సగం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే షుగరు అదుపులో ఉంది. కానీ అక్కడ మందులు ఆపించింది వైద్యులే. క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తూ ఆపించారు. బరువు తిరిగి పెరిగినవారిలో షుగరూ తిరిగొచ్చింది.

దీనికి తిరగేసి మరో ప్రమాదం ఉంది. తిండి బాగా తగ్గించి, మందులు పాత మోతాదులోనే మింగడం. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి అప్పుడు చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం... డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడుతూ అన్నం, రొట్టె పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే కీటోఅసిడోసిస్ రావచ్చు. కిడ్నీ జబ్బున్నవారు మాంసం డైట్ మొదలుపెట్టడం ఇంకో ముప్పు. మరీ వేగంగా బరువు తగ్గితే కండ కరుగుతుంది, జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. రంజాన్ ఉపవాసాలైనా, కార్తీక సోమవారాలైనా... షుగరు మందులు వాడేవారు ముందుగా డాక్టరును కలిసి మోతాదు, వేళ మార్పించుకోవాల్సిందే.

కొర్ర తర్వాత శనగ

నంద్యాల నుంచి జాతీయ రహదారి మీద శిరివెళ్ల మెట్ట దాటి దక్షిణానికి నలభై కిలోమీటర్లు వెళ్తే ఆళ్లగడ్డ. తూర్పున నల్లమల కొండలు తోడుగా వస్తాయి. కాలువ కింద పచ్చటి వరి, మెట్ట మీద నల్లటి రేగడి. ఆ రేగడిలో రైతులు చేసే ఒక పని గమనించాలి. తొలకరికి కొర్ర చల్లుతారు. మూడు నెలల లోపే అది చేతికొస్తుంది. నేలలో మిగిలిన తేమ మీద చలికాలానికి శనగ వేస్తారు. కొర్ర తీసుకున్న సత్తువలో కొంత శనగ తిరిగి నేలకిస్తుంది.

పళ్లెం విషయంలోనూ ఈ నేల చెబుతున్నది అదే. కొర్ర ఒక్కటే చాలదు, వెంట శనగ ఉండాలి. 100 గ్రాముల శనగల్లో 17 గ్రాముల మాంసకృత్తులుంటాయి. సాయంత్రం బజ్జీల పొట్లం బదులు గుగ్గిళ్లు, జొన్నరొట్టెలోకి చింతాకు పప్పు, అలసందల కూర, గుప్పెడు బుడ్డలు, ఒక గిన్నె మజ్జిగ... పాతకాలపు రేనాటి భోజనంలో ఇవన్నీ ఉన్నాయి. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలూ ఇంచుమించు ఇదే చెబుతున్నాయి. ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతానికి మించకూడదు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలి.

శిల్పి కొలత

ఆళ్లగడ్డ అనగానే గుర్తొచ్చేది శిల్పాలు. రోడ్డు పక్కనే వరసగా దేవతామూర్తులు, నందులు, నాయకుల విగ్రహాలు. భౌగోళిక గుర్తింపు పొందిన కళ ఇది. రాతిని ముట్టుకునే ముందు శిల్పి కొలత వేస్తాడు. శిల్పశాస్త్రంలో దానికి తాళమానం అని పేరు. ముఖం పొడవును ఒక కొలతగా తీసుకుని మెడ, ఛాతీ, నడుము, కాళ్లు... ఏది ఎంత ఉండాలో ముందే లెక్క. బొజ్జ ఉన్నా అందంగా ఉండేది గణపయ్య ఒక్కడే!

మనిషి ఒంటికీ తేలికైన కొలత ఒకటుంది. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదు. భారతీయుల్లో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. త్రాసు ఎంత చూపించినా, పొట్ట చుట్టూ చేరిన కొవ్వే గుండెకూ షుగరుకూ ఎక్కువ చేటు. దర్జీ టేపు ఇంట్లో ఉంటే చాలు, ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

మెట్లు చెప్పే నిజం

ఆళ్లగడ్డ నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే అహోబిలం. దిగువ అహోబిలం దాటి ఎగువకు చేరాక అసలు పరీక్ష మొదలవుతుంది. భవనాశి వాగు పక్కన రాళ్ల మీద నడిచి, మెట్లెక్కి జ్వాలా నరసింహుడి దాకా వెళ్లాలి. ఉగ్రస్తంభం ఎక్కడమైతే గట్టి గుండెకే సాధ్యం. పాతికేళ్ల కుర్రాడు మధ్యలో కూలబడి నీళ్లసీసా వెతుక్కుంటుంటే, అరవై దాటిన పల్లెటూరి అవ్వ చీర కుచ్చిళ్లు దోపుకుని అతణ్ని దాటిపోవడం ఇక్కడ మామూలే. ఆ అవ్వ ఏ డైటూ చేయలేదు. నడక మానలేదంతే.

ఈ సీమ పండగల్లోనూ నడక ఉంది. కనుమ నాడు మొదలయ్యే అహోబిలేశుడి పారువేటలో స్వామి పల్లకీ నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతుంది. పల్లకీ మోసేవారు, వెంట నడిచే భక్తులు... తరతరాలుగా అదే ఆనవాయితీ. మన మందుల చీటీల్లో డాక్టర్లు రాస్తున్న ‘రోజూ అరగంట నడక’ వాళ్లకెప్పుడూ ఎవరూ రాసివ్వలేదు. చెన్నై పరిశోధకులు జరిపి 2006లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనం కూడా దీన్నే బలపరుస్తోంది. షుగరు అంచున ఉన్నవారు తిండి సరిచూసుకుని నడక మొదలుపెడితే, మూడేళ్లలో మధుమేహం వచ్చే ముప్పు పాతిక శాతానికి పైగా తగ్గింది. (మెట్లెక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే మాత్రం మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు, ముందు ఆసుపత్రికి వెళ్లాలి.)

నంద్యాల సోనా తినడం నేరం కాదు. కొర్రన్నం తినడం వరమూ కాదు. పండగనాడు ఓళిగలు తిన్నా ఫర్వాలేదు, మర్నాడు మళ్లీ దారిలోకి వస్తే. ఈ సీమ పెద్దలు కొర్రలు తిని సన్నగా ఉన్నారన్నది సగం మాటే. కొర్రలు పండించి, దంచి, మోసి, నడిచి... ఆ తర్వాత తిన్నారు!

* * *

పళ్లెం ముందు కూర్చునే ముందు...

* చిరుధాన్యాలు కొత్తగా మొదలుపెట్టేవారు రోజుకు ఒక పూటతో మొదలుపెట్టాలి. వండే ముందు కొన్ని గంటలు నానబెడితే బాగా ఉడుకుతాయి. పీచు పెరుగుతుంది కాబట్టి నీళ్లూ ఎక్కువ తాగాలి.
* మరీ నున్నగా మెరిసే కొర్రలకన్నా, తక్కువ పాలిష్ పట్టినవి మేలు.
* ముందు కూర, పప్పు వడ్డించుకోవాలి. మిగిలిన చోటే అన్నానికి.
* నూనె ఏదైనా గ్రాముకు 9 కేలరీలే. కొబ్బరినూనెకు, నెయ్యికి మినహాయింపు లేదు.
* వారానికి అరకిలో తగ్గడం సురక్షితం. రోజుకు 1000 కేలరీల కన్నా తక్కువ తినే డైట్లు సొంతంగా చేయకూడదు.
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, కిడ్నీ, గుండె జబ్బులున్నవారు డాక్టరును అడగకుండా ఏ డైటూ మొదలుపెట్టకూడదు.
* షుగరు, బీపీ మాత్రలు తగ్గించాలన్నా, ఆపాలన్నా ఆ మాట డాక్టరే చెప్పాలి. పక్కింటివారో, కిరాణా కొట్టువారో కాదు.